144 సెక్షన్, ఇంటర్నెట్ బంద్: ఎవరు పెట్టొచ్చు? ఎన్నాళ్లు? మీరు ఏం అడగొచ్చు?

'144 సెక్షన్ అమల్లో ఉంది, నలుగురికి మించి గుమిగూడొద్దు' అనే మైకు ప్రకటన గోదావరి జిల్లాల వాళ్లకు కొత్త కాదు. సంక్రాంతికి కోడిపందేలను అడ్డుకోవడానికి పెడతారు. ఓట్ల లెక్కింపు రోజున పెడతారు. ధర్నాకు పిలుపు వస్తే పెడతారు. 2022 మేలో కోనసీమ దీంతో పాటు ఇంటర్నెట్ బంద్‌ను కూడా చూసింది.

ఇలాంటి ఆంక్షలు పెట్టే అధికారం ప్రభుత్వానికి ఉంది. దానికి హద్దులూ ఉన్నాయి. ఆ హద్దులు ఏంటో తెలియకపోతే పోలీసులు చెప్పిందల్లా చట్టమే అనుకుంటాం, లేదంటే ఏ ఆంక్ష అయినా అన్యాయమే అనుకుంటాం. రెండూ సరికాదు. ఈ ఆదేశాలు ఎలా పనిచేస్తాయి, వాటిపై పౌరులు ఏం అడగొచ్చో చూద్దాం.

అమలాపురంలో ఏం జరిగింది?

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు పాత తూర్పుగోదావరి నుంచి కోనసీమ జిల్లా విడిపోయింది. అమలాపురం జిల్లా కేంద్రమైంది. జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టాలన్న డిమాండ్‌తో మే 18న ప్రభుత్వం 'డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా'గా మార్చేందుకు ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చింది. అభ్యంతరాలు చెప్పడానికి 30 రోజుల గడువు పెట్టింది.

పాత పేరే ఉంచాలంటూ మే 24న అమలాపురంలో చేపట్టిన ఆందోళన హింసగా మారింది. అప్పటికే పట్టణంలో నిషేధాజ్ఞలు ఉన్నాయి. అయినా జనం వేల సంఖ్యలో రోడ్డెక్కారు. అప్పటి మంత్రి పినిపె విశ్వరూప్ ఇంటికి, ముమ్మిడివరం ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ కుమార్ ఇంటికి నిప్పు పెట్టారు. బస్సులు తగలబెట్టారు. రాళ్ల దాడిలో పోలీసులు గాయపడ్డారు.

ఆ వెంటనే జిల్లాలో మొబైల్ ఇంటర్నెట్ ఆగిపోయింది. వాట్సాప్ గ్రూపుల్లో పిలుపులు, వదంతులు వ్యాపించకుండా ఆపేందుకేనని అధికారులు చెప్పారు. రోజులు గడిచినా సేవలు పూర్తిగా తిరిగి రాలేదు. మండలాల వారీగా, దశలవారీగా పునరుద్ధరించారు. ఈలోగా ఫోన్‌పే, గూగుల్ పే ఆగిపోయి చిన్న వ్యాపారులు నగదు కోసం ఇబ్బంది పడ్డారు. ఇంటి నుంచి పనిచేస్తున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ అందే గోదావరి గట్లకు, పక్క జిల్లాలకు వెళ్లారు. జూన్ 24న మంత్రివర్గం కొత్త పేరుకు ఆమోదం తెలిపింది.

ఇళ్లు తగలబడుతుంటే ప్రభుత్వం చేతులు కట్టుకుని కూర్చోకూడదు. కానీ అమలాపురంలో నిప్పు పెట్టిన వారితో పాటు, ఎక్కడో లంక గ్రామంలో ఆన్‌లైన్ దరఖాస్తు పెట్టుకోవాల్సిన విద్యార్థికీ అదే శిక్ష పడింది. అసలు చిక్కు అక్కడే ఉంది.

144 సెక్షన్ ఇప్పుడు ఏ సెక్షన్?

వాడుకలో ఇంకా 144 అనే అంటున్నాం కానీ చట్టం మారింది. 2024 జులై 1 నుంచి నేర శిక్షాస్మృతి స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది. అందులో ఇది 163వ సెక్షన్. పాత నిబంధనే దాదాపు యథాతథంగా కొనసాగుతోంది.

ఈ ఆదేశం ఇచ్చేది పోలీసులు కాదు. జిల్లా మేజిస్ట్రేట్ హోదాలో కలెక్టర్, సబ్‌డివిజనల్ మేజిస్ట్రేట్ హోదాలో ఆర్డీవో లేదా సబ్‌కలెక్టర్, లేదంటే ప్రభుత్వం ప్రత్యేకంగా అధికారం ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఇవ్వాలి. కమిషనరేట్లు ఉన్న నగరాల్లో ఈ అధికారం పోలీస్ కమిషనర్‌కు ఉంటుంది. మిగతా చోట్ల ఎస్సై, సీఐ చేసేది ఆ ఆదేశాన్ని అమలు చేయడమే.

ఆదేశం రాతపూర్వకంగా ఉండాలి. ఏ పరిస్థితుల వల్ల ఇస్తున్నారో అందులో రాయాలి. గరిష్ఠంగా 2 నెలలే అమల్లో ఉంటుంది. ప్రాణాలకు ముప్పు, అల్లర్ల ప్రమాదం ఉందనుకుంటే రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చి మరో 6 నెలల వరకు పొడిగించవచ్చు.

సెక్షన్‌లో 'అయిదుగురు' అనే అంకె ఎక్కడా లేదు. ఎంతమంది గుమిగూడకూడదు, ఏ వీధుల్లో, ఏ సమయంలో అనేవి ఆదేశంలోనే ఉంటాయి. పెళ్లిళ్లు, అంత్యక్రియలు, ఆస్పత్రి అవసరాలకు మినహాయింపు ఉందా అన్నదీ అందులోనే చూడాలి. కాబట్టి మైకులో విన్నదాని కన్నా కాగితంలో ఉన్నదే ముఖ్యం.

ఉల్లంఘిస్తే భారతీయ న్యాయ సంహిత 223 సెక్షన్ కింద కేసు పెట్టొచ్చు. సాధారణంగా 6 నెలల వరకు జైలు లేదా 2,500 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మనుషుల ప్రాణాలకు, భద్రతకు ముప్పు తెచ్చినా, అల్లర్లకు దారితీసినా ఏడాది వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అయితే ఆదేశం ఉందని తెలిసే ఉల్లంఘించారని తేలాలి. సంబంధిత అధికారి రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తేనే కోర్టు ఈ కేసును విచారణకు స్వీకరిస్తుంది.

'30 యాక్ట్' వేరా?

వేరు. 'పోలీస్ యాక్ట్ సెక్షన్ 30 అమల్లో ఉంది' అని డీఎస్పీలు, ఎస్పీలు తరచూ ప్రకటనలు ఇస్తుంటారు. ఇది 1861 నాటి పోలీసు చట్టంలోనిది. ఊరేగింపులు, సభలు ఏ దారిలో, ఏ సమయంలో జరగాలో నియంత్రించడానికి, ముందస్తు అనుమతి తీసుకోమనడానికి ఇది పోలీసులకు వీలు కల్పిస్తుంది. నియంత్రించడం వేరు, పూర్తిగా నిషేధించడం వేరు. రోడ్డుపై సభ జరుపుకోవడాన్ని క్రమబద్ధం చేయవచ్చు కానీ ఆ హక్కునే తుడిచేయకూడదని సుప్రీంకోర్టు 1970ల ఆరంభంలోనే అహ్మదాబాద్‌కు చెందిన హిమ్మత్‌లాల్ కేసులో చెప్పింది.

ఈ తేడా మన రాష్ట్రంలో జీవో నంబర్ 1 వివాదంలో మళ్లీ ముందుకొచ్చింది. 2022 డిసెంబర్ 28న నెల్లూరు జిల్లా కందుకూరులో చంద్రబాబు నాయుడు సభ వద్ద తొక్కిసలాటలో 8 మంది చనిపోయారు. 2023 జనవరి 1న గుంటూరులో మరో తొక్కిసలాటలో ముగ్గురు మహిళలు చనిపోయారు. మరుసటి రోజే అప్పటి వైసీపీ ప్రభుత్వం రోడ్లపై, రోడ్ల మార్జిన్లలో సభలను కట్టడి చేస్తూ సెక్షన్ 30 ఆధారంగా ఈ జీవో ఇచ్చింది. అరుదైన సందర్భాల్లోనే అనుమతి ఇవ్వాలని చెప్పింది. ఇది నిషేధం కాదు, నియంత్రణేనని ప్రభుత్వం వాదించింది. సీపీఐ రాష్ట్ర కార్యదర్శి కె.రామకృష్ణతో పాటు పలువురు హైకోర్టుకు వెళ్లారు. 2023 మే 12న హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది.

ప్రమాదం నిజమే, 11 మంది ప్రాణాలు పోయాయి. కానీ రెండు చోట్ల జరిగిన తొక్కిసలాటలు చూపించి రాష్ట్రమంతటా రోడ్లపై సభలను దాదాపు లేకుండా చేయడం నిలబడలేదు.

అనుమతి ఇస్తూనే షరతులు పెట్టడం మరో దారి. 2022 సెప్టెంబర్‌లో అమరావతి రైతుల అరసవల్లి పాదయాత్రకు పోలీసులు అనుమతి నిరాకరించారు. హైకోర్టు మాత్రం 600 మందికి మించకూడదన్న షరతుతో అనుమతించింది. అక్టోబర్‌లో యాత్ర కోనసీమ జిల్లా రామచంద్రపురం చేరినప్పుడు గుర్తింపు కార్డులు చూపాలన్న పోలీసులకు, రైతులకు మధ్య వివాదం వచ్చి యాత్ర ఆగింది. కాగితంపై ఉన్న షరతు ఒకటైతే, రోడ్డుపై దాన్ని అమలు చేసే తీరు ఇంకొకటి.

ఇంటర్నెట్ ఆపే అధికారం ఎవరికి ఉంది?

దీనికి 163 సెక్షన్ కాకుండా ప్రత్యేక నిబంధనలున్నాయి. కోనసీమ ఘటన నాటికి 2017 నిబంధనలు అమల్లో ఉండేవి. ఇప్పుడు 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కింద 2024 నవంబర్‌లో వచ్చిన కొత్త నిబంధనలు వర్తిస్తాయి. వాటిలో ముఖ్యమైనవి ఇవి:

• రాష్ట్రంలో హోం శాఖ కార్యదర్శి ఆదేశం ఇవ్వాలి. తప్పనిసరి పరిస్థితుల్లో అధికారం పొందిన జాయింట్ సెక్రటరీ స్థాయి అధికారి ఇవ్వొచ్చు కానీ 24 గంటల్లో ఉన్నతాధికారి ఆమోదం రావాలి. రాకపోతే ఆదేశం చెల్లదు.

• ఎందుకు ఆపుతున్నారు, ఏ ప్రాంతంలో, ఎన్నాళ్లు అన్నది స్పష్టంగా రాయాలి. ఆ ఆదేశాన్ని ప్రజలకు తెలిసేలా ప్రచురించాలి.

• ఒక ఆదేశం 15 రోజులకు మించి ఉండకూడదు.

• రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన ఉండే సమీక్ష కమిటీ 5 రోజుల్లో సమావేశమై ఆదేశం చట్టబద్ధమేనా అన్నది నమోదు చేయాలి.

సుప్రీంకోర్టు ఏం చెప్పింది?

2019 ఆగస్టులో కశ్మీర్‌లో ఇంటర్నెట్ ఆపేసినప్పుడు వచ్చిన అనురాధా భసీన్ కేసు దీనికి ఆధారం. 2020 జనవరి 10న తీర్పు ఇచ్చిన ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనంలో ఇద్దరు తెలుగువారే: కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ ఎన్.వి. రమణ, మెదక్ ప్రాంతానికి చెందిన జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి. మూడో న్యాయమూర్తి జస్టిస్ బి.ఆర్. గవాయ్.

ఇంటర్నెట్ ద్వారా మాట్లాడే స్వేచ్ఛకు, వ్యాపారం చేసుకునే స్వేచ్ఛకు రాజ్యాంగ రక్షణ ఉందని ధర్మాసనం చెప్పింది. గడువు లేకుండా ఇంటర్నెట్ ఆపడం కుదరదంది. ఆదేశాలను దాచిపెట్టకుండా ప్రచురించాలంది. చట్టబద్ధమైన అభిప్రాయ ప్రకటనను అణచడానికి 144 సెక్షన్ వాడకూడదని, మళ్లీ మళ్లీ అవే ఆదేశాలు ఇవ్వడం అధికార దుర్వినియోగమే అవుతుందని స్పష్టం చేసింది.

చివరి మాట పశ్చిమ గోదావరికి బాగా తెలిసిన విషయమే. భీమవరం దగ్గర తుందుర్రులో మెగా ఆక్వా ఫుడ్ పార్క్ వద్దంటూ 2016లో గ్రామస్తులు ఉద్యమించినప్పుడు తుందుర్రు, కంసాలి బేతపూడి, జొన్నలగరువు గ్రామాలు 144 సెక్షన్ కింద ఉన్నాయి. కాలువ నీళ్లు పాడవుతాయన్నది వాళ్ల అభ్యంతరం. తమ ఊళ్లో తాము కూర్చుని మాట్లాడుకోవడానికి కూడా భయపడాల్సి వచ్చిందన్నది వాళ్ల ఫిర్యాదు.

మరి భద్రత మాటేమిటి?

ముందు జాగ్రత్త తప్పు కాదు. 144 సెక్షన్ రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు 1961లోనే తేల్చింది. గుంపును సకాలంలో నియంత్రించకపోతే ఏమవుతుందో రాజమహేంద్రవరం చూసింది. 2015 జులై 14న, గోదావరి పుష్కరాల తొలి రోజు, పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి 27 మంది చనిపోయారు. ఆ రోజు గేటు ముందు గట్టి బారికేడ్లు, రావడానికి ఒక దారి, పోవడానికి ఒక దారి ఉండి ఉంటే తమ స్వేచ్ఛ పోయిందని ఏ భక్తుడూ అనుకునేవాడు కాదు.

ఘాట్‌లో బారికేడ్ ప్రమాదం ఉన్నచోటే ఉంటుంది, ప్రమాదం ఉన్నంతసేపే ఉంటుంది. జిల్లా మొత్తానికి ఇంటర్నెట్ ఆపడం అలాంటిది కాదు. వదంతులు ఆగొచ్చు. కానీ వాటిని ఖండిస్తూ పోలీసులు ఇచ్చే ప్రకటన కూడా జనానికి చేరదు. ఇంటర్నెట్ బంద్‌ల వల్ల శాంతిభద్రతలు నిజంగా మెరుగయ్యాయని చూపే లెక్కలు కేంద్రం దగ్గర లేవని పార్లమెంటు స్థాయీ సంఘం 2021 డిసెంబర్ నివేదికలో ఎత్తిచూపింది.

మీ ఊళ్లో ఆంక్షలు పెడితే ఏం చేయొచ్చు?

1. ఆదేశం కాపీ అడగండి. కలెక్టరేట్, ఆర్డీవో కార్యాలయం, తహసీల్దారు కార్యాలయం నోటీసు బోర్డుల్లో, జిల్లా వెబ్‌సైట్‌లో చూడండి. దొరక్కపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయండి. సాధారణ గడువు 30 రోజులు. ఒక వ్యక్తి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలి.

2. అందులో నాలుగు విషయాలు చూడండి. ఎవరు సంతకం చేశారు? కారణం రాశారా? ఏ ప్రాంతానికి? ఏ తేదీ వరకు?

3. ఆదేశం వల్ల మీకు నష్టం జరుగుతుంటే మార్చాలని లేదా రద్దు చేయాలని ఆ మేజిస్ట్రేట్‌కే దరఖాస్తు పెట్టుకోవచ్చు. స్వయంగా గానీ న్యాయవాది ద్వారా గానీ వాదన వినిపించే అవకాశం వీలైనంత త్వరగా ఇవ్వాలి. తిరస్కరిస్తే కారణాలు రాసి ఇవ్వాలి. ఈ వెసులుబాటు 163 సెక్షన్‌లోనే ఉంది, కానీ వాడుకునేవారు తక్కువ.

4. అప్పటికీ న్యాయం జరగలేదనుకుంటే రాజ్యాంగంలోని 226 అధికరణ కింద హైకోర్టులో రిట్ వేయొచ్చు. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను సంప్రదించండి. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులతో పాటు ఆదాయ పరిమితికి లోబడిన వారికి న్యాయ సహాయం ఉచితం. హెల్ప్‌లైన్ నంబర్ 15100.

5. ఆదేశం తప్పని మీకు అనిపించినా, అది అమల్లో ఉన్నంతకాలం రోడ్డుపై పోలీసులతో తలపడొద్దు. అలా చేస్తే కేసు మీ మీదకే వస్తుంది, సవాలు చేయాల్సిన ఆదేశం పక్కకు పోతుంది.

2027లో గోదావరి పుష్కరాలు మళ్లీ వస్తున్నాయి. రాజమహేంద్రవరం నుంచి అంతర్వేది దాకా ఘాట్ల దగ్గర సీసీ కెమెరాలు, బారికేడ్లు, ట్రాఫిక్ ఆంక్షలు తప్పవు, ఉండాలి కూడా. అవి ఏ ఘాట్‌కు, ఏ రోజు వరకు, ఎవరి సంతకంతో అన్న వివరాలు ముందే ప్రజల ముందు పెట్టడం అధికారుల పని. అవి కనబడకపోతే అడగడం మన పని.