ఊనిక ఎక్కడ?

తెలుగు ‘తూర్పుదేశపు ఇటాలియన్’ అంటే మనకెంత మురిపెమో! 15వ శతాబ్దంలో విజయనగరం చూసిన నికోలో దే కాంతి పేరు మీద ఆ మాట చెప్పుకుంటాం. ఎవరన్నా అననీండి, పోలిక నిజమే. రెండు భాషల్లోనూ మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి.

ఒత్తుల్లోనూ చుట్టరికముంది. వాళ్ళకి ‘నోనో’ అంటే తొమ్మిదోది, ‘నొన్నో’ అంటే తాతగారు. మనకి గడి వేరు, గడ్డి వేరు కాదూ? మాటను విడగొట్టమంటే వాళ్ళు ‘మమ్-మ’ అని ఒత్తును నడిమికి తుంచుతారు. మనం ‘అ-మ్మ’ అని రాస్తాం గాని, ఛందస్సులో ఒత్తుకి ముందున్న ‘అ’ గురువే. రాత వేరైనా చెవి ఒకటే!

తేడా అల్లా ఊనికలో, అంటే ఏ అక్షరాన్ని నొక్కి పలకాలన్న దాంట్లో. ‘పాపా’లో మొదటిది నొక్కితే పోపుగారు, రెండోది నొక్కితే నాన్నగారు! ఊనిక చివర పడితేనే రాతలో గుర్తు పెడతారు. తక్కినచోట్ల చాలావరకు చివరినుంచి రెండో అక్షరం మీద పడుతుంది, మిలానోలో ‘లా’ మీదలాగ. నాపోలిలో మాత్రం ‘నా’ మీద. ఇటలీ ఆవిడ మా పలాసని సరిగ్గానే పలుకుతుంది గాని, టెక్కలిని ‘టెక్కాలి’ చేస్తుందేమో! ఇవన్నీ విని నేర్చుకోవలసిందే.

వినడమంటే మా ఉద్దానం అమ్మమ్మ గుర్తొస్తుంది. ఆవిడ ‘ఏమిటి’ని ‘ఏటి’ అనేది. నడిమి అక్షరం కరిగిపోయిందన్నమాట. నా నోట ఆ ‘ఏటి’ విని పట్నంలో స్నేహితురాళ్ళు నవ్వారు. నేను ఇంటికొచ్చి అమ్మమ్మని దిద్దాను. ఆ తరవాత నా స్నేహితురాళ్ళొస్తే ఆవిడ పెదవి విప్పలేదు.

చాలా ఏళ్ళకి తెలిసింది, ఇటాలియన్ పుట్టిందే అలాటి కరుగుడులోంచని. లాటిన్‌లో కన్ను ‘ఓకులుస్’. జనం నోట నడిమి అచ్చు పోయి ‘ఓక్లుస్’ అయింది. అలా అనకూడదని పూర్వం ఓ పంతులు తప్పుల జాబితాలోకి ఎక్కించాడు. ఏం లాభం? ఆ ‘తప్పే’ ఇవాళ ఇటాలియన్‌లో ‘ఒక్క్యో’ అయి కూర్చుంది!

జనం నోటి మాటకి పుస్తకంలో చోటిమ్మని పోరాడిన గిడుగు రామమూర్తిగారు 1863లో మా సిక్కోలు సీమలోనే పుట్టారు. ఆ పేరు చెప్పుకు గర్వపడుతూనే నేను జాబితా పంతులు పక్కన కూర్చున్నాను.

ఇప్పుడు మా మనవరాలు ‘ఏమిటి’ అంటే, “ఏటి అనవే తల్లీ, ఒక్కసారి” అని అడుగుతున్నాను.