రెండు ఫర్లాంగుల పందెం: కాలిఫోర్నియా నుంచి షోలవరం దాకా, షోలవరం నుంచి మన రోడ్డు దాకా

మొన్న మదనపల్లెలో ఒక తమ్ముడు అడిగినాడు. "అన్నా, నాది పాత మారుతి 800. క్వార్టర్ మైల్ టైం తగ్గాలంటే ఏం చెయ్యాల?" అని. నేను తిరిగి ఒక్కటే అడిగినా, "ఎక్కడ తోలతావు?" అని. "ఇంకెక్కడన్నా, పుంగనూరు రోడ్డులో" అన్నాడు. ఈ రోజు ఎపిసోడ్ ఆ రెండు ప్రశ్నల గురించే. టైం ఎలా తగ్గుతుంది, ఎక్కడ తగ్గించుకోవాలి. చరిత్రలో ఈ రెండూ విడివిడిగా లేవు. ఎందుకో చూద్దాం.

ముందు దూరం సంగతి. క్వార్టర్ మైల్ అంటే పావు మైలు, 402 మీటర్లు. మన తాతలను అడిగితే రెండు ఫర్లాంగులు అంటారు. నిలబడి ఉన్న కారు ఆ రెండు ఫర్లాంగులు ఎన్ని సెకన్లలో దాటుతుంది? డ్రాగ్ రేస్ అంటే ఇంతే. మలుపుల్లేవు, తిన్నగా పోవడమే.

ఇది అమెరికాలో పుట్టింది. 1930లలో కాలిఫోర్నియా కుర్రాళ్ళు ఎండిపోయిన సరస్సుల మీద పాత కార్లను పరిగెత్తించేవాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక, ఇళ్ళకు తిరిగొచ్చిన కుర్రాళ్ళు ఊరి రోడ్ల మీదే పందేలు మొదలుపెట్టినారు. ప్రమాదాలు, పోలీసు కేసులు, పేపర్లలో తిట్లు. అచ్చం ఇప్పుడు మన దగ్గర జరిగేదే.

అప్పుడు సి.జె. హార్ట్ అనే ఆయన, తోటివాళ్ళతో కలిసి, శాంటా ఆనా విమానాశ్రయంలో రన్‌వేని అడిగి తీసుకున్నాడు. 1950 జూన్‌లో అక్కడ టికెట్టు పెట్టి పందేలు మొదలయినాయి. మరుసటి ఏడాది 1951లో వాలీ పార్క్స్ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ పెట్టి, కార్లకు తనిఖీ, నియమాలు తెచ్చినాడు. 1963లో జెండా ఊపే మనిషి స్థానంలో రంగు దీపాల స్తంభం వచ్చింది. దాన్ని క్రిస్మస్ ట్రీ అంటారు.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. రన్‌వే దొరికినాకే టైం కొలవడం ఒక శాస్త్రమయింది. అదే చోటు, అదే దూరం, అదే గడియారం ఉంటేనే కదా, నిన్న చేసిన మార్పు పనికొచ్చిందో లేదో తెలిసేది?

మన వైపు కూడా కథ విమానాల రన్‌వే దగ్గరే మొదలయింది. మద్రాసుకు ఉత్తరాన, నెల్లూరుకు పోయే దారిలో షోలవరం ఉంది. అక్కడ యుద్ధకాలపు రన్‌వే ఒకటి ఖాళీగా మిగిలింది. 1950లలో మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దాన్ని రేసులకు వాడుకుంది. అవి మలుపులున్న రేసులు, డ్రాగ్ కాదు. కానీ వీధి కారును వేగంగా పరిగెత్తించడం దక్షిణాది మెకానిక్కులు నేర్చుకున్న బడి అదే. ఫియట్లు, హెరాల్డులు అక్కడ విప్పి బిగించినారు. 1990లో ఇరుంగాట్టుకోటలో అసలు ట్రాక్ వచ్చింది.

ఆ బడిలోంచి వచ్చినవాడే కోయంబత్తూరు ఎస్. కరివర్ధన్. లక్ష్మీ మిల్స్ వాళ్ళ కుటుంబం, అక్కడ స్థిరపడిన తెలుగువాళ్ళు. ఆయన మన మారుతి 800 ఇంజనునే తీసుకుని, తేలికైన ఒంటి సీటు బండిలో పెట్టి ఫార్ములా మారుతి తయారు చేసినాడు. ఇంజను అదే, బరువు మాత్రం తక్కువ. తమ్ముడికి కావాల్సిన జవాబు సగం ఇందులోనే ఉంది.

లెక్క చెప్తా వినండి. పవర్ పది శాతం పెంచితే టైం తగ్గేది సుమారు మూడు శాతమే. మారుతి 800కి రెండు ఫర్లాంగులకు ఇరవై సెకన్ల పైమాటే పడుతుంది. అంటే వేలు ఖర్చు పెట్టి పది శాతం పవర్ తెచ్చుకుంటే, మిగిలేది అర సెకను పైన కొంచెం. అదే పక్క సీట్లో కూర్చున్న అరవై ఐదు కిలోల స్నేహితుణ్ణి దింపేస్తే? దాదాపు అంతే లాభం, పైసా ఖర్చు లేకుండా! స్టెప్నీ, జాకీ, డిక్కీలో సామాను తీసేస్తే ఇంకొంచెం.

రెండోది, బయలుదేరే క్షణం. మొదటి అరవై అడుగుల్లో పదో వంతు సెకను మిగిలితే, చివర్లో అంతకన్నా ఎక్కువే మిగులుతుంది. అంబాసిడర్, పద్మినిలకు వెనక చక్రాలు లాగుతాయి. బయలుదేరగానే బరువు వెనక్కి ఒరుగుతుంది కాబట్టి పట్టు పెరుగుతుంది. 1983లో వచ్చిన మారుతికి ముందు చక్రాలు లాగుతాయి, అదే బరువు వెనక్కి పోయి పట్టు తగ్గుతుంది. అందుకే ఎక్సలేటర్ గట్టిగా తొక్కితే టైర్ అక్కడే తిరుగుతుంది. మంచి టైర్లు, క్లచ్ మీద మెత్తని కాలు ఉండాల.

మూడోది మన ఊళ్ళ సంగతి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ సముద్రమట్టానికి ఇంచుమించు 700 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. ఇక్కడ గాలి పలచన, ఇంజను పవర్ ఆరేడు శాతం పడిపోతుంది. అయితే చల్లగాలి చిక్కగా ఉంటుంది, కొంత తిరిగి ఇస్తుంది. ఊపిరితిత్తుల రోగులకు మంచిదని 1915లో ఆరోగ్యవరం శానిటోరియం కట్టింది ఈ వాతావరణం చూసే కదా. కాబట్టి చెన్నైలో ఎవరో తెచ్చిన టైంతో మన టైం పోల్చుకుని బాధపడొద్దు.

ఇప్పుడు నా ప్రశ్నకొస్తా. మన మూడు ఊళ్ళనూ కలిపేది 42వ నంబరు హైవే. దాని మీద పాల ఆటోలు, టమోటా లారీలు, బడిపిల్లలు, ఆవులు. వంద కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు ఇరవై ఏడు మీటర్లు పైగా పోతుంది. డ్రాగ్ స్ట్రిప్‌లో గీత దాటినాక ఆగడానికి ఇంకా బోలెడు ఖాళీ దారి వదుల్తారు. మన రోడ్డులో గీత దాటినాక ఉండేది ఎదురొచ్చే బండి. అందాక దింపెయ్యమన్న స్నేహితుడు గుర్తున్నాడా? రోడ్డు పందెంలో వాడు పక్కసీట్లోనే ఉంటాడు.

మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం రోడ్డు మీద పందేనికి, మొదటిసారికే మూడు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. కానీ ఆ సెక్షన్‌లో ఒక మాటుంది: "రాష్ట్ర ప్రభుత్వ రాతపూర్వక అనుమతి లేకుండా" అని. అంటే అడిగే దారి మూసి లేదు. శాంటా ఆనా వాళ్ళు రన్‌వే అడిగినారు, మద్రాసు వాళ్ళు అడిగినారు. మన కుర్రాళ్ళు, పెద్దలు కలిసి ఒక రెండు ఫర్లాంగుల నేల, ఆగడానికి ఇంకో మూడు ఫర్లాంగులు ఎందుకు అడక్కూడదు?

తమ్ముడూ, నీ టైం తగ్గించే మొదటి పని అదే. అది దొరికేదాకా కారులో బరువు తగ్గించుకో, రోడ్డు మీద కాలు తగ్గించుకో. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.