లారీ ధరకు విహారం: అభా కొండదారిలో పెట్రోలు, డీజిల్ లెక్కలు

సౌదీ అరేబియా నైరుతి మూలన, అసీర్ పర్వతాల మీద, సముద్రమట్టానికి సుమారు 2,200 మీటర్ల ఎత్తున ఉన్న పట్టణం అభా. ఎండాకాలంలో రియాద్ 45 డిగ్రీలకు కాగుతుంటే ఇక్కడ పగటి వేడి 30 డిగ్రీల దరిదాపుల్లోనే ఆగుతుంది. అందుకే జూన్ నుంచి ఆగస్టు దాకా గల్ఫ్ దేశాల కుటుంబాలు ఈ కొండలకు తరలివస్తాయి. పరుపులు, పొయ్యి, నీళ్ల పీపాలు సర్దుకుని ఊరి బయట విడిది చేయడాన్ని ఇక్కడివారు ‘కష్తా’ అంటారు. మన కష్టంతో దానికి ఏ చుట్టరికమూ లేదు. ఆ విడిదికి మొదట జీఎంసీ సబర్బన్ వంటి పెద్ద బళ్లు వాహనాలయ్యాయి. వాటికి ఇక్కడి వాడుక పేరు ‘జిమ్స్’. ఇప్పుడు లోపలే పడక, వంటగట్టు అమర్చిన క్యాంపర్ వ్యానులు కూడా కనిపిస్తున్నాయి. వాటిని కొనేవారిలో మన తెలుగువారు కొందరైనా లేకపోలేదు.

కొనేముందు అందరూ అడిగే ప్రశ్న ఒకటే: పెట్రోలు బండి చవకా, డీజిల్ బండి చవకా? ఇది యంత్రశాస్త్రానికి సంబంధించిన ప్రశ్నలా కనిపిస్తుంది. కాని గత 20 ఏళ్ల ధరల చరిత్రను పరిశీలిస్తే, దీనికి జవాబు ఇంజనులో కన్నా ప్రభుత్వాల ధరల పట్టికలోనే ఎక్కువగా ఉందని తెలుస్తుంది. ఆ పట్టికలోని డీజిల్ ధర విహారయాత్రికుని కోసం నిర్ణయించినది కాదు. అది లారీ కోసం, నీళ్ల పంపు కోసం, కర్మాగారం కోసం నిర్ణయించినది. క్యాంపర్ వ్యాను ఆ ధర నీడలో కొంతకాలం ప్రయాణం చేసింది, అంతే.

రెండు యంత్రాలు

నికొలాస్ ఓటో నాలుగు ఘాతాల ఇంజనును 1876లో రూపొందించాడు. అందులో ఇంధనం, గాలి కలిసిన మిశ్రమాన్ని నొక్కి, నిప్పురవ్వతో మండిస్తారు. రుడాల్ఫ్ డీజిల్ 1892లో పేటెంటుకు దరఖాస్తు చేసిన పద్ధతి వేరు. గాలిని మాత్రమే బాగా నొక్కితే అది విపరీతంగా వేడెక్కుతుంది; అందులోకి చిమ్మిన ఇంధనం రవ్వ అవసరం లేకుండానే అంటుకుంటుంది. 1897లో ఆగ్స్‌బర్గ్‌లో ప్రొఫెసర్ మోరిట్స్ ష్రోటర్ పరీక్షించినప్పుడు ఆ యంత్రం ఇంధనంలోని శక్తిలో 26.2 శాతాన్ని పనిగా మార్చింది. ఆనాటి ఆవిరియంత్రాలతో పోలిస్తే అది చాలా పెద్ద ముందడుగు.

డీజిల్‌కు మరో అనుకూలత దాని సాంద్రత. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే, లీటరు డీజిల్‌లో సుమారు 36 ఉంటుంది. ఇంజను సామర్థ్యం, ఇంధన సాంద్రత రెండూ కలిసి, ఒకే బరువున్న బండిని ఒకే దూరం నడపడానికి డీజిల్ నాలుగో వంతు తక్కువ లీటర్లు తీసుకుంటుంది. ఇది ప్రకృతి ఇచ్చిన తేడా. మిగిలినదంతా మనుషులు కల్పించినదే.

యూరప్‌లో చాలా దేశాలు రవాణా రంగం కోసం డీజిల్ మీద పన్ను తక్కువగా ఉంచాయి. దాంతో అక్కడి విహార వాహనాలు క్రమంగా డీజిల్ వైపు మళ్లాయి. పెట్రోలు వ్యానుగా పేరుపొందిన ఫోక్స్‌వాగన్ కూడా చమురు సంక్షోభాల తరువాత, 1981లో తన వ్యానులో సుమారు 50 అశ్వశక్తి గల చిన్న డీజిల్ ఇంజను పెట్టింది. ఎత్తు ఎక్కడానికి అది ఆయాసపడేది. అయినా ఇంధనం ఆదా అయ్యేది. అమెరికాలో వ్యవహారం తలకిందులు. అక్కడ గ్యాలన్ పెట్రోలుపై కేంద్ర పన్ను 18.4 సెంట్లు, డీజిల్‌పై 24.4 సెంట్లు. అక్కడి విహార వాహనాలు ఎక్కువగా పెట్రోలుతోనే నడుస్తాయి. యంత్రాలు అవే, భౌతికశాస్త్రమూ అదే. పన్ను మారేసరికి ఫలితం మారింది.

హలలాల కాలం

సౌదీలో రియాలుకు 100 హలలాలు. 2006లో రాజు అబ్దుల్లా ఇంధన ధరలు తగ్గించినప్పుడు పెట్రోలు లీటరు 60 హలలాలకు, డీజిల్ 25 హలలాలకు దిగాయి. ఆ తరువాత ప్రవేశపెట్టిన 91 ఆక్టేన్ పెట్రోలు 45 హలలాలకే దొరికేది. 2015 డిసెంబరు చివరిదాకా ఇదే పరిస్థితి. చమురు ధర అంతర్జాతీయంగా కూలి, ఖజానాకు లోటు ఏర్పడడంతో ఆ నెలాఖరున 91 పెట్రోలు 75 హలలాలకు, రవాణా డీజిల్ 45 హలలాలకు పెరిగాయి.

అసలు మలుపు 2018 జనవరి 1న వచ్చింది. కొత్తగా వచ్చిన 5 శాతం విలువ ఆధారిత పన్నుతో కలిపి 91 పెట్రోలు 1.37 రియాళ్లు అయింది. డీజిల్ మాత్రం 0.47 దగ్గరే ఉండిపోయింది. కారణం స్పష్టమే. పెట్రోలు భారం కారు యజమాని ఇంటి బడ్జెటులో పడి ఆగుతుంది. డీజిల్ భారం లారీ మీదుగా కూరగాయలకూ సిమెంటుకూ పాకుతుంది. అందుచేత డీజిల్‌ను కదిలించడానికి ప్రభుత్వం సంకోచించింది. 2020లో పన్ను 15 శాతానికి పెరిగినా డీజిల్ 0.52కే చేరింది. 2021 జూన్‌లో 91 పెట్రోలు ధర 2.18 రియాళ్లకు చేరగా, జులైలో అంతకు మించి వినియోగదారుని మీద పడకుండా ప్రభుత్వం పరిమితి విధించింది. అప్పుడు ఒక లీటరు పెట్రోలు డబ్బుతో నాలుగు లీటర్లకు పైగా డీజిల్ వచ్చేది.

ఆ తరువాత డీజిల్ వంతు వచ్చింది. 2022 జనవరిలో 0.63, 2023లో 0.75, 2024లో 1.15, 2025లో 1.66 రియాళ్లు. పెట్రోలు నిలబడి ఉండగా డీజిల్ మూడేళ్లలో మూడు రెట్లయింది.

ఒక బండి, ఐదు లెక్కలు

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగే వ్యాను. 100 కిలోమీటర్లకు పెట్రోలు ఇంజను 15 లీటర్లు, డీజిల్ ఇంజను 11 లీటర్లు తాగుతాయనుకుందాం. డీజిల్ బండి కొనుగోలు ధర 10,000 రియాళ్లు ఎక్కువ అనుకుందాం. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలు; ఎవరి బండి అంకెలు వారు వేసుకోవచ్చు.

2015 ధరల్లో పెట్రోలు ఖర్చు ఏడాదికి 675 రియాళ్లు, డీజిల్ 275. ఆదా 400 మాత్రమే. అదనంగా పెట్టిన 10,000 తిరిగి రావడానికి 25 ఏళ్లు పడుతుంది. 2018 ధరల్లో పెట్రోలు 2,055, డీజిల్ 517, ఆరున్నరేళ్లు. 2021 రెండో సగంలో పెట్రోలు 3,270, డీజిల్ 572. మూడు ముప్పాతిక ఏళ్లు కూడా పట్టదు. 2024లో డీజిల్ 1,265, ఐదేళ్లు. 2025లో డీజిల్ 1,826, దాదాపు ఏడేళ్లు.

ఈ అంకెల్లో రెండు విషయాలు గమనించాలి. మొదటిది, 2015లో డీజిల్ ధర పెట్రోలులో సగానికి కాస్త ఎక్కువ, అంతే. నిష్పత్తి చూస్తే ఊరించేదే. కాని రెండూ అంత చవకగా ఉన్నప్పుడు ఆదా చేయడానికే ఏమీ లేదు. జేబుకు తగిలేది నిష్పత్తి కాదు, తేడా. రెండోది, 2021లో లెక్క వేసి డీజిల్ వ్యాను కొన్నవారికి ఆ లెక్క కనీసం నాలుగేళ్లు నిలవాలి. అది రెండేళ్లకే మారిపోయింది. వారి తెలివితేటల్లో లోపం లేదు. లారీ కోసం పెట్టిన ధర శాశ్వతమని నమ్మడంలోనే చిక్కు ఉంది.

కొండ వసూలు చేసేది

అభాకు ప్రత్యేకమైన పద్దు మరొకటి ఉంది. ఎర్ర సముద్రపు తీరమైదానం తిహామా నుంచి సొరంగాలు, వంతెనల మీదుగా దలా కనుమ ఎక్కి ఇక్కడికి రావాలి. మూడు టన్నుల వ్యానును 2,000 మీటర్లు పైకెత్తడానికే 59 మెగాజౌళ్ల పని కావాలి. ఇంజను సామర్థ్యం డీజిల్‌కు 35 శాతం, పెట్రోలుకు 27 శాతం అనుకుంటే, ఎక్కుడు ఒక్కదానికే సుమారు 4.7 లీటర్ల డీజిల్ లేదా 7 లీటర్ల పెట్రోలు అవుతుంది. 2015లో ఆ కొండ ఎక్కడం డీజిల్‌కు రియాలుంపావు లోపు, పెట్రోలుకు మూడు రియాళ్లు. 2025లో 8 రియాళ్లు, 15 రియాళ్లు.

ఎత్తులో గాలి కూడా పలచన. అభాలో వాతావరణ పీడనం సుమారు 585 మిల్లీమీటర్ల పాదరసం, సముద్రతీరంలో 760. మన ఊపిరితిత్తుల మాదిరిగానే టర్బో లేని ఇంజను కూడా ఇక్కడ దాదాపు ఐదో వంతు శక్తిని కోల్పోతుంది. గాలిని నొక్కి లోపలికి పంపే టర్బో ఉంటే ఆ లోటు చాలావరకు పూడుతుంది. నేటి డీజిల్ ఇంజన్లన్నింటికీ దాదాపుగా టర్బో ఉంటుంది కనుక కొండ మీద డీజిల్‌కు దక్కిన పేరులో సగం టర్బోకు చెందుతుంది. టర్బో ఉన్న పెట్రోలు ఇంజనుకూ ఆ మేలు వర్తిస్తుంది.

మన ఊళ్లలో ఇదే కథ

తెలుగు పాఠకులకు ఈ కథ కొత్తది కాదు. తిరుపతికీ శబరిమలకూ మనల్ని మోసిన మెటాడోర్లు, టెంపో ట్రావెలర్లు డీజిల్ బళ్లే. భారతదేశంలో 2010 జూన్‌లో పెట్రోలు ధరపై నియంత్రణ ఎత్తివేసి, డీజిల్‌ను లారీల కోసం, రైతుల కోసం అదుపులోనే ఉంచారు. ఆ తేడా చూసి కార్లు కొనేవారు డీజిల్ వైపు పరుగెత్తారు. 2013 జనవరి నుంచి డీజిల్‌ను నెలకు అర్ధరూపాయి చొప్పున పెంచుతూ వచ్చి, 2014 అక్టోబరులో నియంత్రణ తీసేశారు. 2020 జూన్ 24న ఢిల్లీలో డీజిల్ ఏకంగా పెట్రోలును దాటింది. అదే ఏడాది ఏప్రిల్‌లో మారుతి సంస్థ డీజిల్ కార్ల తయారీ మానుకుంది. సౌదీలో 2022 తరువాత జరిగినది ఈ కథకు మరో రూపమే.

బిల్లులో కనిపించని ఖర్చు

వైద్యునిగా మరొక పద్దు చేర్చక తప్పదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012 జూన్‌లో డీజిల్ పొగను మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. పెట్రోలు ఇంజను వేరే ప్రమాదం తెస్తుంది: దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ పాలు ఎక్కువ. సౌదా కొండ మీద చలిరాత్రి ఇంజను నడుపుతూ తలుపులు బిగించి పడుకోవడం, బండిలో బొగ్గుల కుంపటి పెట్టుకోవడం ప్రాణాంతకం. ఆక్సిజన్ ముందే తక్కువగా ఉన్న ఎత్తులో ఆ విషవాయువు ఇంకా త్వరగా దెబ్బతీస్తుంది. ఆ వాయువుకు వాసన లేదు, రంగు లేదు. హెచ్చరించే పరికరానికి అయ్యే ఖర్చు ఒకటి రెండు ట్యాంకుల ఇంధనం ఖరీదును మించదు.

కనుక ఏటా నాలుగైదుసార్లు సౌదా కొండకో తిహామా తీరానికో వెళ్లివచ్చే కుటుంబానికి పెట్రోలు వ్యాను చాలు. నెలకోసారి మక్కా, మదీనా దాకా దూరప్రయాణం చేసేవారికి నేటికీ డీజిల్ కొంత మిగులుస్తుంది. అయితే ఆ మిగులును నేటి ధరతో గాక, పెట్రోలుతో సమానమైన డీజిల్ ధరతో లెక్కవేసి చూసుకోవాలి. పై ఉదాహరణలో రెండూ 2.18 రియాళ్లయితే ఏటి ఆదా 872 రియాళ్లకు తగ్గి, పెట్టుబడి తిరిగి రావడానికి పదకొండున్నరేళ్లు పడుతుంది. ఆ లెక్కకు కూడా నిలిచిన బండినే డీజిల్‌లో కొనాలి. లారీకి ఇచ్చిన రాయితీ లారీదే. దాన్ని మన సొంత ఆస్తిగా జమ వేసుకోకూడదు.