నామగోపనము — పత్రికాస్వాతంత్ర్యము

నేరవిచారణ బహిరంగముగా జరుగవలె ననుట న్యాయమునకుఁ బ్రథమసూత్రము. మన ధర్మశాస్త్రములును వ్యవహారనిర్ణయమునకు సభను విధించినవి. సభకుఁ బోఁజాలని ప్రజలకుఁ బత్రికయే కన్నును జెవియు. అయినను అత్యాచారమునకు గుఱియైన స్త్రీ పేరు పత్రిక కెక్కినచో నామెకు రెండవ యపకారము కలుగును. ఈ ధర్మద్వయవిరోధమును స్వతంత్రభారతము పరిహరింప యత్నించిన క్రమము పరిశీలింపఁదగినది.

ప్రకటననిషేధమును గూర్చిన ప్రధాననిర్ణయ మొక సివిలు వ్యాజ్యమునఁ బుట్టినది. 1964లో బొంబాయి హైకోర్టున నొక పరువునష్టపు దావాలో, తన సాక్ష్యము పత్రికలలోఁ బడినచో వ్యాపారము చెడునని యొక సాక్షి మొఱపెట్టుకొనెను. న్యాయమూర్తి తార్కుండే దానిని బ్రకటింపరాదని నోటిమాటగా నాజ్ఞాపించెను. విలేఖరులు సుప్రీముకోర్టు నాశ్రయింపఁగా, 1966లోఁ దొమ్మండ్రు న్యాయమూర్తుల ధర్మాసనము వారి యర్జీలను గొట్టివేసెను. హిదాయతుల్లా యొక్కఁడే భిన్నాభిప్రాయమును దెలిపెను. అచ్చట దాఁపఁబడినది సాక్షి పలికిన మాట, పేరు గాదు.

పేరును దాఁచు శాసనము 1983లో వచ్చినది. మహారాష్ట్రమునఁ బోలీసుఠాణాలో 1972లో నొక గిరిజనబాలికపై జరిగిన యత్యాచారపు కేసులో, 1978లో సుప్రీముకోర్టు పోలీసులను నిర్దోషులుగా విడిచిపెట్టెను. మఱుసటియేఁట నలుగురు న్యాయశాస్త్రాచార్యులు ప్రధానన్యాయమూర్తికి బహిరంగలేఖ వ్రాసిరి. తదనంతరాందోళనఫలమే యా సవరణము. బాధితురాలి పేరునుగాని, ఆమెను గుర్తింపఁజేయు విషయమునుగాని ప్రకటించువారికి శిక్షాస్మృతిలోని 228ఎ సెక్షను రెండేండ్లవఱకుఁ గారాగారమును జరిమానాను విధించెను. ఆమె వ్రాతమూలముగా ననుమతించినచో దోషము లేదు. హైకోర్టు, సుప్రీముకోర్టుల తీర్పులను ముద్రించుటయు నేరము గాదు. కావునఁ బత్రిక దాఁచిన పేరు తీర్పులసంపుటమున వెల్లడి యగుచుండెను. వీలైనంతవఱకు న్యాయస్థానములును దమ యుత్తర్వులలోఁ బేరు వ్రాయరాదని 1996లో సుప్రీముకోర్టు చెప్పవలసివచ్చెను.

1983నాఁటి సవరణము పేరుతోపాటు విచారణను గూడ మూసినది. తలుపులు వేసి విచారింపవలెననియు, అనుమతి లేక యా వృత్తాంతమును ముద్రింపరాదనియు విధించెను. 2009 సంవత్సరాంతమున నమలునకు వచ్చిన సవరణ మీ ముడిని కొంత విప్పెను: ఉభయపక్షముల పేళ్లను చిరునామాలను గోప్యముగా నుంచినచో ముద్రణనిషేధమును దొలఁగింపవచ్చును.

వాచకశబ్దమును విడిచినను లక్షణచే నర్థము స్ఫురించును. అట్లే ఊరును, తండ్రిపేరును, బడిని జెప్పినచోఁ బేరు చెప్పినట్లే యగును. గుర్తింపునకు దారితీయు నేవిషయమును వెల్లడింపరాదనియు, మృతురాలి పేరును సెషన్సు న్యాయమూర్తి సమ్మతి లేక బంధువుల యనుమతిమాత్రమునఁ బ్రకటింపరాదనియు 2018లో సుప్రీముకోర్టు నిర్ణయించెను. 2019లో హైదరాబాదు చెంత హతురాలైన యువతికిఁ బోలీసులు 'దిశ' యను సంజ్ఞ నిచ్చిరి. అప్పటికే నిజనామము లోకమునఁ బ్రాఁకియుండెను. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయసంహితలోని 72వ సెక్షను నామగోపనమును విధించుచున్నది.

నామగోపనము బాధితురాలి రక్షణకే గాని, దర్యాప్తులోని లోపమును తీర్పులోని దోషమును గప్పిపుచ్చుటకుఁ గాదు. పేరు లేకయే పత్రిక వీనిని విమర్శింపఁగలదు. 1978నాఁటి తీర్పు బహిరంగమై యుండుటచేతనే యాచార్యుల లేఖ పుట్టినది. ఆ లేఖాబలము హేతువులయందే కలదు. పేరును దాఁచు చట్టమునకు సైతము తీర్పు దాఁగకుండుటయే మూలమైనది.