ఎమ్‌ఐఆర్ పార్సర్ పరీక్షలు

ఎల్‌ఎల్‌వీఎం కంపైలర్ లోపల మెషీన్ కోడ్‌కు బాగా దగ్గరగా ఉండే మధ్యంతర రూపం ఎమ్‌ఐఆర్. మొదట్లో ఇది మెమరీకే పరిమితం. దీన్ని యామల్ ఆధారిత టెక్స్ట్‌గా రాసి, తిరిగి చదివే ఏర్పాటు 2015లో రూపుదిద్దుకుంది. రిజిస్టర్ల కేటాయింపు లాంటి ఒక్కో దశనూ విడిగా పరీక్షించే వీలు దానితోనే కలిగింది. అయితే చదివే పార్సరే తప్పుగా చదివితే ఆ పరీక్షలేవీ నమ్మదగ్గవి కావు.

అందుకే పార్సర్‌కు వేరే పరీక్షలున్నాయి. ఎల్‌ఎల్‌సి అనే ప్రోగ్రాముతో ఏ దశనూ నడపకుండా ఫైలును చదివించి, మళ్లీ రాయిస్తారు. ఆ ఫైలులోనే కామెంట్లుగా ఉన్న అంచనా వరుసలతో ఫలితాన్ని ఫైల్‌చెక్ అనే సాధనం సరిపోలుస్తుంది. ఆపరాండ్ మీది చిన్న గుర్తు రాలిపోయినా, అంచనా వరుసలో అది ఉంటే పరీక్ష విఫలమవుతుంది.

తప్పుడు ఇన్‌పుట్‌తో చేసే పరీక్షలు ఇంకా విలువైనవి. ఎక్స్86 పరీక్షల్లో ఒకటి ‘రెట్‌జస్ట్0’ అనే లేని ఇన్‌స్ట్రక్షన్‌ను కావాలనే ఇస్తుంది. పార్సర్ కుప్పకూలకుండా, ఆ పేరు తనకు తెలియదని సరైన వరుస సంఖ్యతో చెప్పాలి. ఈ ఫైళ్లను మనుషులు చేత్తో దిద్దుతుంటారు కనుక తప్పు ఎక్కడుందో కచ్చితంగా చూపడం పార్సర్ ప్రధాన బాధ్యతల్లో ఒకటి.

2018లో ఎమ్‌ఐఆర్ టెక్స్ట్‌లో భౌతిక రిజిస్టర్ల ముందుండే శాతం గుర్తును డాలర్ గుర్తుగా మార్చారు. వర్చువల్ రిజిస్టర్లకు పాత గుర్తే మిగిలింది. ఆ ఒక్క మార్పుకే పెద్ద సంఖ్యలో పరీక్ష ఫైళ్లను తిరగరాయాల్సి వచ్చింది.