చీలని శిఖరం

మాస్కో, 1953. పాతికేళ్ల అలెక్సీ అబ్రికోసోవ్ లెక్క చూపించాడు. కొన్ని అతివాహకాల్లోకి అయస్కాంత క్షేత్రం సన్నని సుళ్లుగా దూరుతుందన్నది దాని సారం. గురువు లాండౌ ఒప్పుకోలేదు. గురువు కాదన్నాక చేసేదేముంది? కాగితాలు పక్కన పెట్టాడు. హీలియంలో సుళ్ల గురించి ఫైన్‌మన్ రాశాక లాండౌ మెత్తబడ్డాడు. 1957లో అచ్చయిన ఆ లెక్కే 2003లో నోబెల్ తెచ్చిపెట్టింది.

మరి సుడి నడుమ ఏముంది? అతివాహకత చచ్చిన మామూలు లోహమేనని చాలామంది అనుకున్నారు. కాదు, అక్కడ చిక్కిన ఎలక్ట్రాన్లకు మెట్లు మెట్లుగా శక్తి స్థాయిలుంటాయని 1964లో కరోలి, డిజెన్, మాట్రికాన్ తేల్చారు. కళ్లారా చూసినవారు మాత్రం లేరు.

పావు శతాబ్దం తర్వాత, అమెరికాలోని బెల్ ల్యాబ్స్. నియోబియం డైసెలినైడ్ స్ఫటికం 1.85 కెల్విన్ చలిలో ఉంది. హెరాల్డ్ హెస్ బృందం నడిపే సూది మొన దాన్ని తాకీ తాకకుండా జరుగుతోంది. ఏ వోల్టేజీ దగ్గర కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో చూపే గ్రాఫు, సుడికి దూరంగా ఉన్నంతసేపూ సున్నా వోల్టుల దగ్గర గుంటపడుతోంది. అక్కడున్నది మామూలు లోహమే అయితే, సుడి నడిమికి రాగానే అది చదునుగా రావాలి. రాలేదు. సరిగ్గా సున్నా దగ్గర శిఖరం లేచింది! 1989లో ఆ సంగతి లోకానికి తెలిసింది. మరుసటి ఏడాది ఇంకాస్త నిశితంగా చూస్తే, సూది పక్కకు జరిగేకొద్దీ శిఖరం రెండుగా చీలింది. 1964 నాటి మెట్లుంటే అలాగే చీలాలి.

ఇనుము అతివాహకతకు పగవాడని అప్పట్లో పేరు. 2008లో జపాన్‌లో హిడియో హొసొనో బృందం ఆ ఇనుమున్న పదార్థంలోనే, 26 కెల్విన్ దగ్గర, అతివాహకత చూపించింది.

2018, బీజింగ్. ఈసారి ఇనుము, టెల్లూరియం, సెలీనియం కలిసిన స్ఫటికం. ఇందులో మెట్లు ఎడంగా ఉంటాయి కాబట్టి విడివిడిగా పట్టుకోవచ్చు. సుడి నడుమ శిఖరం లేచింది. సూది పక్కకు జరిగింది. శిఖరం చీలలేదు! సున్నా దగ్గరే నిలిచి, మెల్లగా అణిగిపోయింది. తనకు తానే ప్రతికణమయ్యే కణం ఉండొచ్చని 1937లో భౌతికవేత్త మయోరానా ఊహించాడు. సుడిలో ఆ తరహా స్థితి ఉంటే కనబడాల్సిన లక్షణం ఇదే. క్వాంటమ్ కంప్యూటర్లకు అది అక్కరకొస్తుందని ఆశ.

అదే ఏడాది నాన్‌జింగ్‌లో అదే రకం స్ఫటికం చూసినవారికి ఎక్కువగా 1964 నాటి మెట్లే కనబడ్డాయి. 2019లో జపాన్‌లోని రికెన్ పరిశోధకులు 0.09 కెల్విన్ కన్నా చల్లబరిచి ఒక్కో సుడినీ గాలించారు. కొన్నింట శిఖరముంది, కొన్నింట లేదు. క్షేత్రం పెంచేకొద్దీ ఉన్నవాటి వంతు తగ్గిపోయింది.

హనుమకొండలో ఫిజిక్స్ చదివే విద్యార్థులకు ఒక మాట. మయోరానా దొరికాడని ఎవరైనా అంటే, మేం రాసినా సరే, ఎన్ని సుళ్లు చూశారు, ఎన్నింట్లో కనబడింది అని ముందు అడగండి.