లాల్జీ సింగ్: పాముల క్రోమోజోముల నుంచి న్యాయస్థానం వరకు

భారతదేశంలో డీఎన్‌ఏ వేలిముద్రల విధానానికి ఆద్యుడిగా గుర్తింపు పొందిన జన్యుశాస్త్రవేత్త డాక్టర్ లాల్జీ సింగ్ 1947 జులై 5న ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లా కల్వారీ గ్రామంలో ఒక రైతు కుటుంబంలో జన్మించారు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం అభ్యసించి, పాముల క్రోమోజోములపై జరిపిన పరిశోధనకు 1971లో డాక్టరేటు పొందారు.

అనంతరం బ్రిటన్‌లోని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ, ఒక జాతి కట్లపాము డీఎన్‌ఏలో పదేపదే పునరావృతమయ్యే వరుసలను సహచరులతో కలిసి గుర్తించారు. 1980లో వెలువడిన ఈ పరిశోధనతో అవి ‘బీకేఎం’ వరుసలుగా ప్రసిద్ధి చెందాయి. ఆడపాముల్లో మాత్రమే కనిపించే డబ్ల్యూ క్రోమోజోముపై అవి అధికంగా ఉంటాయి. ఇటువంటి వరుసలు మానవుల్లోనూ ఉన్నాయని, వాటి అమరిక మనిషికీ మనిషికీ మారుతుందని తేలడంతో పాముల అధ్యయనానికి ఊహించని ప్రయోజనం సమకూరింది.

బ్రిటన్ శాస్త్రవేత్త అలెక్ జెఫ్రీస్ 1984లో డీఎన్‌ఏ వేలిముద్రలను ఆవిష్కరించారు. 1987లో హైదరాబాద్‌లోని సీసీఎంబీలో చేరిన లాల్జీ సింగ్, విదేశీ ప్రోబ్‌లపై ఆధారపడకుండా, బీకేఎం వరుసల ఆధారంగా 1988లో స్వదేశీ విధానాన్ని రూపొందించారు. కేరళలోని తలశ్శేరి న్యాయస్థానంలో నడిచిన ఒక పితృత్వ వివాదంలో ఈ పరీక్షను సాక్ష్యంగా స్వీకరించారు; 1991లో కేరళ హైకోర్టు దానిని సమర్థించింది. బిడ్డ తండ్రి ఎవరన్న ప్రశ్నకు అంతవరకు రక్తవర్గ పరీక్షలు ప్రధానంగా ‘ఇతడు కాదు’ అని మాత్రమే చెప్పగలిగేవి. రాజీవ్ గాంధీ, నైనా సాహ్ని హత్య కేసుల దర్యాప్తులోనూ డీఎన్‌ఏ పరీక్షలు తోడ్పడ్డాయి.

హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ, అంతరించిపోతున్న జీవజాతుల సంరక్షణకు ఉద్దేశించిన లాకోన్స్ సంస్థల స్థాపనలో ఆయన కీలకపాత్ర వహించారు. 1998 నుంచి 2009 వరకు సీసీఎంబీ సంచాలకులుగా ఉన్నారు. భారతీయ జనసమూహాల జన్యు చరిత్రపై ఆయన భాగస్వామిగా 2009లో ‘నేచర్’ పత్రికలో వెలువడిన అధ్యయనం, దేశంలోని అత్యధిక సమూహాల్లో రెండు ప్రాచీన వంశధారలు భిన్న పాళ్లలో కలిసి ఉన్నాయని వెల్లడించింది. తరతరాలుగా సమూహంలోపలే వివాహాలు జరగడం వల్ల కొన్ని వంశపారంపర్య వ్యాధులు అధికంగా ఉండే అవకాశాన్నీ సూచించింది.

2004లో పద్మశ్రీ పురస్కారం అందుకున్న ఆయన, 2011 నుంచి 2014 వరకు తాను చదివిన బెనారస్ విశ్వవిద్యాలయానికే ఉపకులపతిగా సేవలందించారు. ఒక్క రూపాయి మాత్రమే వేతనంగా స్వీకరించారు. 2017 డిసెంబర్ 10న వారణాసిలో గుండెపోటుతో కన్నుమూశారు. తక్షణ ప్రయోజనం కనిపించని మౌలిక పరిశోధన కాలక్రమంలో సామాన్యుడికి న్యాయం చేకూర్చే సాధనం కాగలదనడానికి ఆయన కృషి నిదర్శనం.